అకౌంట్స్ మెయిల్‌బాక్స్‌లో రూల్స్: బిల్లు మెయిల్‌ని ఇన్‌బాక్స్ నుంచి కదిలించవచ్చా, కూడదా?

పద్దులపుస్తకం:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ దగ్గర తయారీ కంపెనీ. అకౌంట్స్‌లో నలుగురం ఒకే అవుట్‌లుక్ మెయిల్‌బాక్స్ చూస్తాం. సప్లయర్ల బిల్లులు, బ్యాంకు అలర్ట్‌లు, జీఎస్టీ పోర్టల్ మెయిళ్ళు, లారీ ఆఫీసుల ఎల్‌ఆర్ (సరుకు రవాణా రసీదు) కాపీలు అన్నీ అందులోకే వస్తాయి, రోజుకి వందల్లో. నేను చేరేసరికే అందులో బోలెడు రూల్స్ (మెయిల్ రాగానే దాన్ని ఏం చేయాలో అవుట్‌లుక్‌కి ముందే చెప్పిపెట్టే సూచనలు) ఉన్నాయి. రాసినవాళ్ళు ఇప్పుడు కంపెనీలో లేరు.

మొన్న ఒక చిన్న సప్లయర్ ఫోన్ చేసి, "బిల్లు పంపి నెల దాటిందమ్మా, ఏమైంది?" అని అడిగారు. ఇన్‌బాక్స్‌లో లేదు. వెతగ్గా వెతగ్గా ‘బ్యాంక్ స్టేట్‌మెంట్లు’ ఫోల్డర్‌లో దొరికింది, అదీ చదివేసినట్టు మార్క్ అయిపోయి. సబ్జెక్ట్‌లో "స్టేట్‌మెంట్" అన్న మాట ఉంటే ఆ ఫోల్డర్‌కి పంపి, చదివినట్టు మార్క్ చేయమని ఒక రూల్ ఉంది. ఆయన తన లెక్కల స్టేట్‌మెంట్‌తో పాటు బిల్లు జతచేశారు, అంతే.

2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆ గడువు సరుకు అందుకున్నప్పటి నుంచి నడుస్తుంది, మెయిల్ మన కంటపడినప్పటి నుంచి కాదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆయన ఆ డబ్బుతో కూలీలకి జీతాలు ఇవ్వాలి.

నా వాదన: రూల్ ఏ మెయిల్‌నీ ఇన్‌బాక్స్ నుంచి తీయకూడదు. మా మేనేజర్ గారు రూల్స్ సరిచేస్తే చాలంటున్నారు. మీరేమంటారు?

సర్వర్‌గది:
మీ మేనేజర్ గారి వైపే నేను. మెయిల్ సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం, ఇలాంటివి తరచూ వస్తాయి.

అవుట్‌లుక్‌లో రూల్స్ పైనుంచి కిందికి వరసగా నడుస్తాయి. పై రూల్‌లో "స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్" టిక్ చేసి ఉంటే, మెయిల్ దానికి సరిపోగానే కిందివాటి దాకా పోదు. మీ సప్లయర్ పేరుతో వేరే రూల్ ఉండే ఉంటుంది, చూడండి. అది ఆ టిక్ ఉన్న "స్టేట్‌మెంట్" రూల్ కింద ఉంటే, సబ్జెక్ట్‌లో ఆ మాట ఉన్న మెయిళ్ళకి ఎప్పటికీ నడవదు. సప్లయర్ రూల్స్ పైకి జరపండి. "స్టేట్‌మెంట్" రూల్‌లో సబ్జెక్ట్ మాట తీసేసి బ్యాంకు పంపే అడ్రస్ పెట్టండి.

ఇంకోటి. పాత ఉద్యోగి కంప్యూటర్‌లోని పీఎస్‌టీ ఫైల్‌కి (అవుట్‌లుక్ మెయిళ్ళని ఆ కంప్యూటర్‌లోనే దాచే ఫైల్) మెయిల్ పంపమన్న రూల్ సర్వర్‌లో నడవదు, ఆ అవుట్‌లుక్ తెరిచి ఉంటేనే నడుస్తుంది. జాబితాలో "క్లయింట్-ఓన్లీ" అని ఉంటే ముందు దాన్ని అనుమానించండి. తొలగించిన ఫోల్డర్‌కి గురిపెట్టిన రూల్స్ కూడా ఉంటాయి. అవుట్‌లుక్ వెనకుండే మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌లో ఒక మెయిల్‌బాక్స్ రూల్స్ అన్నిటికీ కలిపి గరిష్ఠంగా 256 కేబీ జాగా. పాత చెత్త తీయకపోతే కొత్త రూల్ సేవ్ కూడా కాదు.

అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ బయటి అడ్రస్ నుంచి నమూనా మెయిల్ పంపి చూడండి. విసుగు పనే, కానీ తప్పు ఎక్కడుందో అలాగే తెలుస్తుంది.

తోకలేనిపిట్ట:
సర్వర్‌గది గారూ, మీరు చెప్పినవన్నీ చేశాక కూడా రేపు ఇంకో సప్లయర్ ఇంకో మాట రాస్తాడు. అప్పుడు?

నేను జీమెయిల్ వాడతాను. అక్కడ రూల్స్‌నే ఫిల్టర్లు అంటారు, వాటికి వరస లేదు, మెయిల్ ఎన్నిటికి సరిపోతే అన్నీ వర్తిస్తాయి. ఒకే మెయిల్‌కి "బ్యాంక్", "సప్లయర్" రెండు లేబుళ్ళూ పడతాయి, మెయిల్ మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. "స్కిప్ ది ఇన్‌బాక్స్" నేను టిక్ చేయను. పాతవి కావాలంటే పంపినవారి పేరు, అటాచ్‌మెంట్ ఉందా, ఎన్నాళ్ళ నాటిది అని సెర్చ్‌లో కొడితే వచ్చేస్తాయి. అవుట్‌లుక్‌లోనూ రంగుల కేటగిరీలు ఉన్నాయి. తరలించే బదులు రంగు వేయండి. రంగు తప్పు పడినా మెయిల్ కళ్ళముందే ఉంటుంది.

సర్వర్‌గది:
వందల మెయిళ్ళు ఒక్కచోట కుప్పపోస్తే కళ్ళముందు ఉన్నట్టు కాదండీ. బ్యాంకు అలర్ట్‌ల మధ్య ఒక బిల్లు, నలుగురిలో ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. పైగా సెర్చ్ చేయాలంటే మెయిల్ వచ్చిందని ముందు తెలియాలి కదా. ఆ సప్లయర్ ఫోన్ చేయకపోతే ఈవిడ వెతికేవారే కాదు.

మంజీర:
ఆ చివరి మాట నిజం. అయినా మీ ఇద్దరూ పట్టించుకోనిది ఒకటుంది. మెయిల్ తప్పు ఫోల్డర్‌కి పోవడం కన్నా, "చదివినట్టు" మార్క్ అవడమే ఎక్కువ నష్టం చేసింది. చదవనట్టుగా ఉండి ఉంటే ఫోల్డర్ పక్కన అంకె కనిపించేది, ఎవరో ఒకరు తెరిచేవారు. నన్నడిగితే ఈ రాత్రికే ఆ చర్యని అన్ని రూల్స్ నుంచీ తీసేయాలి.

తరలించే విషయంలో నా గీత ఇది: మనిషి రాసింది కదలకూడదు, యంత్రం పంపింది కదలొచ్చు. మెయిలింగ్ లిస్టులు, న్యూస్‌లెటర్లలో చాలావాటికి లిస్ట్-ఐడీ అనే హెడర్ (మెయిల్‌తో పాటు కనపడకుండా వచ్చే వివరాల వరస) ఉంటుంది, దాని ప్రమాణం 2001 నుంచీ ఉంది. సబ్జెక్ట్ రోజుకోలా మారుతుంది, అది మాత్రం మారదు. దాన్ని పట్టుకుని రూల్ రాస్తే మనుషుల మెయిల్ జోలికి పోదు.

సర్వర్‌గది:
మార్క్ చేయడం గురించి పూర్తిగా ఒప్పుకుంటున్నాను మంజీర గారూ. కానీ మనిషి, యంత్రం అన్న గీత అకౌంట్స్‌లో నిలవదు. ఇప్పుడు చిన్న సప్లయర్ కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచే పంపుతున్నాడు, "నో-రిప్లై" అడ్రస్‌తో. యంత్రం పంపిందే, డబ్బు కట్టాల్సిందీ అదే. జీఎస్టీ నోటీసు వచ్చిందని చెప్పే మెయిల్ కూడా యంత్రానిదే. దాన్ని ఫోల్డర్‌లో పడేస్తారా?

తోకలేనిపిట్ట:
అందుకే కదా నేను ఏదీ కదిలించొద్దంటున్నది!

మంజీర:
సరే, గీత మారుస్తాను. మెయిల్ చూశాక మన వైపు నుంచి ఎవరైనా ఏదైనా చేయాల్సి ఉంటే అది ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి. జమ అయిందని బ్యాంకు చెప్పే అలర్ట్ కదలొచ్చు, నోటీసు కదలకూడదు. ఇది రూల్‌కి తెలియదు, పంపే అడ్రస్‌లని కూర్చుని చూసి మనమే తేల్చాలి. కొత్త అడ్రస్ ఏది వచ్చినా, తేల్చేదాకా ఇన్‌బాక్స్‌లోనే.

పద్దులపుస్తకం:
సర్వర్‌గది గారూ, మీరన్నట్టే సప్లయర్ రూల్ ఒకటి ఉంది, "స్టేట్‌మెంట్" రూల్ కింద, ఆ మాట ఉన్న మెయిళ్ళకి ఏళ్ళుగా నడవకుండా. చూస్తే బాధేసింది. ఇంకెంతమంది బిల్లులు అలా ఆగాయో అని ఆ ఫోల్డర్ మొత్తం బ్యాంకు అడ్రస్‌లు తీసేసి వెతికాను. మరో ఇద్దరివి ఉన్నాయి. వాళ్ళకి ఈరోజే ఫోన్ చేశాం.

చదివినట్టు మార్క్ చేసే చర్య అన్నిటిలోంచీ తీసేశాను. కదిలేవి జమ అలర్ట్‌లు, న్యూస్‌లెటర్లు మాత్రమే, అదీ అడ్రస్‌ని బట్టి. మిగతావాటికి రంగులే. మా మేనేజర్ గారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఇన్‌బాక్స్ నిండిపోతుందని ఆయన భయం. అది నిజమే, నిండుతుంది. అందుకని మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు మొత్తం చూసేలా వంతులు రాశాం. షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో ఎవరు ఏ రూల్ మార్చారో నమోదు చేయడానికి మీరేం వాడతారు? మాకు ప్రస్తుతానికి ఎక్సెల్ షీట్ ఒకటే ఉంది.