ఎనిమిదేళ్ళ పిల్లలకు దయ్యాల కథలు ఉన్నదున్నట్టు చెప్పొచ్చా?

గోదారిగట్టు:
మా పాప, జర్మన్ జానపద కథలు పోగేసిన గ్రిమ్ సోదరుల కథల్ని దయ్యాల కథలుగా తిరగరాసిన పుస్తకమొకటి తెచ్చుకుంది. కరువులో తిండి పెట్టలేక అడవిలో వదిలేసిన పిల్లలు దయ్యాలై వచ్చి ఇంటి తలుపు కొడతారు. అంతే, కథ అయిపోయింది. మూడు రోజులుగా లైటార్పితే ఏడుపు. ఇలాంటివి పిల్లల చేతికివ్వడం తప్పంటాను.

కథలపెట్టె:
నేను కాదంటానండీ. మా అబ్బాయికి అడవిలో వదిలేసిన ఆ అన్నాచెల్లెళ్ళ అసలు కథే, హాన్సెల్, గ్రెటెల్ కథ చెబుతుంటాను. తినడానికి బలిశాడో లేదో చూద్దామని మంత్రగత్తె వేలు చాపమంటే, హాన్సెల్ బోనులోంచి ఎముక చాపుతాడు. ముసలిదానికి చూపానదు. అక్కడికొచ్చేసరికి మావాడు తన చూపుడువేలు పిడికిట్లో దాచుకుంటాడు. అయ్యాక "ఎముక దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు" అంటాడు. మంత్రగత్తెను తీసేస్తే ఆ ఎముకతో పనేముంది? శవాన్ని భుజానేసుకొచ్చే విక్రమార్కుడి కథలు మనం చదవలేదా?

గోదారిగట్టు:
బేతాళ కథల్లో భయం మొదటా చివరా రెండు ముక్కలే, మధ్యలో ఉన్నదంతా ధర్మసందేహం. మీ గ్రెటెల్ మంత్రగత్తెను రొట్టెల పొయ్యిలోకి తోసేస్తుంది. మా పాప కథలో తలుపవతల ఉన్నవాళ్ళు అవతలే ఉండిపోయారు. నా గోల దాని గురించే.

పిన్ని:
కథను మెత్తబరిచామనుకుంటాం గానీ, ఆ దెబ్బ ఇంకెవరికో తగులుతుందండీ. 1812 నాటి గ్రిమ్ సోదరుల పుస్తకం మొదటి ముద్రణలో రాకుమారి స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819లో ఆమెను సవతి తల్లిని చేశారు. హాన్సెల్ వాళ్ళమ్మకూ తర్వాత అదే గతి పట్టింది. ఎర్రగా కాల్చిన ఇనప చెప్పులతో రాణి అయిన ఆ స్నోవైట్ తల్లిని చచ్చేదాకా ఆడించడం మాత్రం 1857 ముద్రణలోనూ ఉంది!

నేను ఈ ఇంటికొచ్చేనాటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. ఆ కథలో ఆపిల్‌కి ఒక పక్కే విషం కదా. నేనిచ్చిన ఆపిల్‌ని నాచేత కొరికించి, కొరికిన వైపే తినేది. పుస్తకం దాచెయ్యలేదు. పక్కన కూర్చుని మొత్తం చదివాను, మొదట్లో అది అమ్మేనని కూడా చెప్పాను. "అయితే అమ్మ కూడా అలా చేస్తుందా?" అంది. జవాబు చెప్పేసరికి అర్ధరాత్రయింది. ఆ తలుపు తీస్తే ఏమవుతుందో మీ పాపనే అడగండి.

గోదారిగట్టు:
అడిగాను. "ఆకలేసి వచ్చుంటారు, అన్నం పెడదాం" అంది. అయినా లైటు వేసుకునే పడుకుంది. ఆ పుస్తకం ఈ వయసుకు కాదనే ఇప్పటికీ నా మాట. ఈసారి మాత్రం పక్కన కూర్చుని నేనే చదువుతాను.