నేల విడిచి సాము: మెడల్ కొట్టినవాళ్ళను అలా అనొచ్చా?

పోస్టు వేసినావిడ:
పిల్లల పత్రికకు ఒక పేజీ రాస్తున్నాను. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లో మగవాళ్ళ జిమ్నాస్టిక్స్ పోటీల గురించి. ఏప్రిల్ 9 నుంచి 11 దాకా పానథెనైక్ స్టేడియంలో ఆరుబయటే జరిగాయి. మొత్తం ఎనిమిది అంశాలు. హుషారుగా ‘నేల విడిచి సాము’ అని శీర్షిక పెట్టాను. మా సంపాదకురాలు చూసి, "అది తిట్టు కదమ్మా, గెలిచినవాళ్ళను పట్టుకుని అలా అంటావా?" అన్నారు. తాహతు చూసుకోకుండా ఎగిరేవాణ్ణి దెప్పడానికే వాడతాం, ఒప్పుకుంటాను. కానీ వీళ్ళు నిజంగానే నేల విడిచి సాము చేశారు కదా! పెద్దలు చెప్పండి.

ఒక సభ్యుడు:
తేలిగ్గా ‘సాముగారడీలు’ అని పెట్టేయండి, గొడవ ఉండదు.

రిటైరైన డ్రిల్లు మాస్టారు:
బాబూ, గొడవ అక్కడే ఉంది. అది సాముగరిడీలు. గరిడి అంటే సాము నేర్చుకునే చోటు. గారడీ వేరే, పాములవాడిదీ ఇంద్రజాలం చేసేవాడిదీ. దీర్ఘం ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగితే వస్తాదు కాస్తా మంత్రగాడైపోయాడు! కన్నడంవాళ్ళు గరడి అని ఇప్పటికీ శుభ్రంగా వాడుకుంటున్నారు.

ఇక అమ్మాయి అడిగింది. కర్రసాము నేర్చుకున్నవాడికి ఆ మాట ఎందుకు పుట్టిందో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మా గురువుగారు మొదటి నెలంతా చేతికి కర్రే ఇవ్వలేదు. ఇసుకలో గీత గీసి దానిమీద కాళ్ళు మార్పించేవారు. మడమ లేచిందా, పిక్కమీద ఒక్కటి పడేది. దెబ్బకు బలమంతా పాదం నుంచే వస్తుంది, గాల్లో ఉన్నవాణ్ణి చిన్నపిల్లాడైనా పడేస్తాడు. అంచేత సాములో నేల విడవడం తప్పే. జిమ్నాస్టిక్స్‌లో నేలమీదే నిలబడితే మార్కులెవరిస్తారు? రెండూ రెండు విద్యలు. ఒకదాని తిట్టు రెండోదానికి తగలదు.

అనువాదాలు చేసే ఒకాయన:
మాస్టారూ, బాగా చెప్పారు. నాకింకో అనుమానం. ఒంటితో చేసే ఈ విద్యలకు మనకున్న మాటలన్నీ రాజకీయాలవాళ్ళు ఎత్తుకుపోలేదూ? పిల్లిమొగ్గలు, పల్టీలు, కప్పగంతులు, విన్యాసాలు. ఆఖరికి కసరత్తు కూడా. పేపర్లో ‘కసరత్తు’ అని కనబడితే టికెట్ల పంపకమో, బడ్జెట్టో అయ్యుంటుంది, దండీలూ బస్కీలూ మాత్రం కావు. అసలు పిల్లిమొగ్గ వేసే పిల్లాణ్ణి మెచ్చుకోవడానికి మాటే మిగల్లేదు.

పోస్టు వేసినావిడ:
నిజమే సార్! జిమ్నాస్టిక్స్‌నైనా తెలుగు చేద్దామని మూలం చూస్తే గ్రీకులో ‘గిమ్నోస్’ అంటే దిసమొల. ఒంటిమీద బట్టల్లేకుండా చేసేవాళ్ళట. ‘దిసమొల కసరత్తు’ అని పిల్లల పత్రికలో వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది.

డ్రిల్లు మాస్టారు:
మన గరిడిలో గోచీ ఉండేదమ్మా. ఆ మేరకు మనం నయం.

జర్మనీలో ఉండే ఒక సభ్యురాలు:
ఇక్కడ జిమ్నాజియుం అంటే హైస్కూలు. మావాడు అందులో చేరాడని ఫోన్లో చెబితే మా అత్తయ్య, "కండలు పెంచి ఏం చేస్తాడే, చదివించు" అంది. కసరత్తుకు వీళ్ళ మాట టుర్నెన్. 19వ శతాబ్దం మొదట్లో యాన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. 1811లో బెర్లిన్ శివార్లలో ఆరుబయలు కసరత్తు మైదానం పెట్టింది ఆయనే. పరాయి మాట వద్దు, అచ్చ జర్మన్ ధాతువు కావాలని పట్టుబట్టి దీన్ని ఎంచుకున్నాడు. తీరా చూస్తే అది లాటిన్ ‘తోర్నారె’ నుంచి వచ్చింది, ఆ లాటిన్ మాటేమో గ్రీకు నుంచి. గ్రీకు మాట వద్దని వీధి గుమ్మం మూస్తే, గ్రీకే పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది.

అనువాదాలు చేసే ఒకాయన:
అచ్చ తెలుగు మిత్రులు ఈ కామెంటు చూడకపోతే బావుణ్ణు.

పోస్టు వేసినావిడ:
అక్కా, ఏథెన్స్‌లో ఎక్కువ గెలిచింది మీ జర్మన్లే. జంట కమ్ముల మీద ఆల్ఫ్రెడ్ ఫ్లాటో, అడ్డకమ్మి మీద హెర్మాన్ వైన్‌గార్ట్‌నర్, గుర్రం అనే కసరత్తు దిమ్మ మీంచి దూకడంలో కార్ల్ షూమాన్. ఆ షూమాన్ కుస్తీ కూడా గెలిచాడు. అడ్డకమ్మి జట్టు పోటీకి జర్మనీ ఒక్కటే వచ్చింది, మన పంచాయతీ ఎన్నికల్లా ఏకగ్రీవం! రింగులు మాత్రం గ్రీకు వీరుడు మిట్రోపౌలోస్‌కి. పిడులున్న గుర్రం స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జుటర్‌కి. దీనికి ‘పిడుల గుర్రం’ అని రాశాను, బాగుందా?

డ్రిల్లు మాస్టారు:
పిడుల గుర్రం దివ్యంగా ఉంది. జంట కమ్ముల్ని మాత్రం స్కూళ్ళలో డబుల్ బార్ అనే అంటాం. పిల్లలకు తెలిసిన మాట తీసేయకండి.

జర్మనీలో ఉండే ఒక సభ్యురాలు:
ఒక సంగతి, చెల్లీ. ఆ జట్టు ఏథెన్స్ వెళ్ళడం జర్మన్ కసరత్తు సంఘానికి బొత్తిగా ఇష్టం లేదు. వద్దన్నా వెళ్ళారని, తిరిగొచ్చాక వేటు వేసింది. ఫ్లాటో సంగతి ఇంకా ఘోరం. ఆయన యూదుడు. నాజీలు పట్టుకెళ్ళి టెరెజియెన్‌స్టాట్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు, 1942లో అక్కడే పోయాడు. అదే జట్టులో ఉన్న ఆయన బంధువు గుస్తావ్ ఫ్లాటో కూడా 1945లో అక్కడే. నేలను వీళ్ళు విడిచారో, నేలే వీళ్ళను విడిచిందో, ఆ శీర్షిక చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

పోస్టు వేసినావిడ:
ఇది నాకు తెలీదక్కా. పిల్లల పేజీ అయినా రెండు వాక్యాలు రాస్తాను.

డ్రిల్లు మాస్టారు:
రాయండి, దాచాల్సిందేం లేదు. తాడెక్కే పోటీ గురించి చెప్పారు కాదేం?

పోస్టు వేసినావిడ:
చివరకు దాచుకున్నాను మాస్టారూ. 14 మీటర్ల తాడు, అంటే దాదాపు నాలుగంతస్తుల ఎత్తు. ఎక్కడానికి దిగింది అయిదుగురు. పైదాకా వెళ్ళింది ఇద్దరే, ఇద్దరూ గ్రీకులే. గెలిచిన ఆండ్రియాకోపౌలోస్ 23.4 సెకన్లలో అందుకున్నాడు. మూడో స్థానం జర్మన్‌ది, 12.5 మీటర్ల దగ్గర ఆగిపోయాడు.

డ్రిల్లు మాస్టారు:
అబ్బ, గజంన్నర! అక్కడే పోతుందమ్మా. తాడుమీద చివరి గజం దగ్గర వేళ్ళు తిమ్మిరెక్కి మన మాట వినవు. మా స్కూల్లో వేపచెట్టుకు కట్టిన తాడు దీంట్లో సగం కూడా లేదు. ఎక్కడం కన్నా దిగడం కష్టం, జారితే అరచేతి తోలు ఊడొస్తుంది. తొందరపడి జారి, వారం రోజులు అన్నం చెంచాతో తిన్నవాడు మా క్లాసులో ఉన్నాడు. వాడు నేనే.

అనువాదాలు చేసే ఒకాయన:
ఇంతకీ శీర్షిక?

పోస్టు వేసినావిడ:
పేజీకి ‘ఏథెన్స్ సాముగరిడీలు’, దీర్ఘం సరిచూసుకునే రాశాను. ‘నేల విడిచి సాము’ తాడు పేరాకు చిన్న శీర్షికగా వెళ్తోంది. సంపాదకురాలు ఒప్పుకున్నారు, ఆ 12.5 మీటర్ల ఆయన కోసం.