జెడ్80 అడ్రస్ దీపాలు వరుసగా లెక్కపెట్టడం లేదు, చిప్ పోయినట్టేనా?

అతుకులబొంత:
పాత ఎన్‌మాస్ రకం (పాత తయారీ పద్ధతి) జెడ్80 ప్రాసెసర్ చుట్టూ చిన్న కంప్యూటర్ కడుతున్నాను. మెమరీ పెట్టేముందు ప్రాసెసర్‌కు ప్రాణం ఉందో లేదో చూద్దామని 16 అడ్రస్ పిన్నులకూ బఫర్ల ద్వారా ఎల్‌ఈడీలు కలిపాను. డేటా పిన్నులు ప్రస్తుతానికి ఖాళీ. 555 టైమర్ సెకనుకు ఒక పల్స్ ఇస్తోంది. దీపాలు 0, 1, 2 అని లెక్కపెట్టాల్సింది పోయి ఇష్టం వచ్చినట్టు గెంతుతున్నాయి.

మైనం:
వెయిట్, ఐఎన్‌టీ, ఎన్‌ఎంఐ, బస్‌రెక్ పిన్నులను (ప్రాసెసర్‌ను ఆపే, దారి మళ్లించే సంకేతాలవి) 5 వోల్టులకు కట్టారా? గాలిలో ఉంటే ఏమైనా జరగవచ్చు.

అతుకులబొంత:
నాలుగింటికీ 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయండీ.

టంకం:
చిప్‌ను అప్పుడే చంపేయకండి. ఖాళీ డేటా పిన్నుల మీద ఏ విలువ కనిపిస్తే ప్రాసెసర్ దాన్నే ఆదేశంగా పాటిస్తుంది. అన్నీ 1గా కనిపిస్తే అది హెక్స్ (16 ఆధారంగా ఉండే) అంకెల్లో ఎఫ్ఎఫ్, అంటే ఆర్‌ఎస్‌టీ 38 ఆదేశం: తిరిగి రావాల్సిన అడ్రస్‌ను స్టాక్‌లో (మెమరీలో అందుకు వాడే చోటు) రాసి 0038కి దూకుతుంది, అక్కడా మళ్లీ అదే. ఎనిమిది పిన్నులనూ ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు కట్టండి. అప్పుడు చదివేదంతా 00, నోప్: ఏమీ చేయకుండా తర్వాతి అడ్రస్‌కు వెళ్లే ఆదేశం.

క్లాక్ కూడా మార్చాలి. ఎన్‌మాస్ రకంలో లోపలి విలువలు అంత నెమ్మది క్లాక్‌కు నిలవవు. 1 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ పెట్టండి. నోప్‌కు 4 క్లాక్‌లు, అడ్రసులు 65,536. ఒక చుట్టుకు దాదాపు 0.26 సెకను. కింది దీపాలు ఎలాగూ కలిసిపోయి కనిపిస్తాయి, ఏ15ను మాత్రం చూడండి: సెకనుకు దాదాపు నాలుగుసార్లు మిణుకుమనాలి. ఏ7 నుంచి పైవి మసకగా ఉంటాయి, కంగారు వద్దు. ప్రతి నోప్‌లో సగం సేపు రిఫ్రెష్ అడ్రస్ (డైనమిక్ ర్యామ్‌ను తాజాగా ఉంచడానికి ప్రాసెసర్ పంపేది) వస్తుంది, అందులో ఆ పిన్నులన్నీ సున్నాలే.

మైనం:
ఇంత తంటా ఎందుకు? జెడ్80లోనే సీమాస్ రకం, జెడ్84సీ00 అయితే క్లాక్ ఆపేసినా విలువలు పోవు.

టంకం:
నిజమే. కానీ తయారీదారు జైలాగ్ 2024లో దానికి చివరి ఆర్డర్లు తీసుకుని ఆపేసింది. ఇప్పుడు దొరికేవాటిలో పైన అక్షరాలు చెరిపి కొత్తగా ముద్రించినవీ ఉంటాయి. ఆయన చేతిలో ఉన్నది అసలైన పాతది, దాన్నే నడిపించాలి.

అతుకులబొంత:
ఏ15 మిణుకుమంటోంది! తర్వాత 27సీ256 ఈప్రామ్ (ప్రోగ్రామ్ రాసిపెట్టే మెమరీ చిప్) పెట్టనా?

టంకం:
పెట్టండి. డేటా పిన్నుల రెసిస్టర్లు 10 కిలోఓమ్‌లైతే తీయనక్కరలేదు. మొదటి బైటులో హెక్స్ 76 మాత్రం రాయండి, అది హాల్ట్ ఆదేశం. రీసెట్ వదలగానే ప్రాసెసర్ 18వ పిన్ (హాల్ట్ సంకేతం) సున్నాకు దిగితే ఈప్రామ్ చదవడం వచ్చినట్టే. ర్యామ్ సంగతి ఆ తర్వాత.