అప్‌డేట్: పులి-మేక ఫోన్‌లోకి వచ్చింది

ఇద్దరు ఆన్‌లైన్‌లో ఆడుకునేలా పులి-మేక ఆట చేయాలని ఉంది, కోడింగ్ రాదు, చేతిలో డబ్బుల్లేవు, ఎలా అని ఆరు నెలల క్రితం అడిగాను. "ముందు నేల మీద ఆడి చూడు" అన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. గుంటూరు బ్రాడీపేటలో మా అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, పులులకు 3 గులకరాళ్లు, మేకలకు 15 చింతపిక్కలు పెట్టి అమ్మమ్మతో నెల రోజులు ఆడాను. పులిని ఎలా కట్టేయాలో ఆవిడ చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత కోడ్ రాసింది ఆ నోట్‌బుక్ చూసే.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గొడాట్ ఇంజిన్ పూర్తిగా ఉచితం, నా పాత లాప్‌టాప్‌లోనూ నడిచింది. ఒకచోట పులి రెండు మేకల మీదుగా దూకేసేది. పదకొండు రాత్రులు వెతికాను. చివరికి చూస్తే, గీతలు కలిసే ఒక చుక్కకు, కోడ్‌లో రాసిన పక్క చుక్కల లెక్కలో ఒక నంబరు ఎక్కువ పడింది, అంతే!

ఆన్‌లైన్ భాగం ఇంకా కాలేదు. సర్వర్ ఖర్చంటే టెన్షన్‌గా ఉంది, అందుకే ముందు ఒకే ఫోన్‌లో ఇద్దరు ఆడేలా చేశాను. ప్లే స్టోర్‌కు 25 డాలర్లు ఒక్కసారి కట్టాలి, ట్యూషన్ డబ్బుల్లోంచి కట్టేశాను. కొత్త వ్యక్తిగత ఖాతా నుంచి ఆటను అందరికీ విడుదల చేయాలంటే ముందు 12 మంది వరుసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి. తొమ్మిది మంది దొరికారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు ఇంకో ముగ్గురు వస్తారా?