తాళవాద్య కచేరీల సగం ఆవర్తనాలకు దిగంగనే వరుస తప్పుతున్నది, ఎట్ల?

పానగల్లు రసికుడు:
త్యాగరాజ ఆరాధనకు నల్గొండలో 40 నిమిషాల తాళవాద్య కచేరీ పెట్టుకుంటున్నం. ఆది తాళం, అంటే తాళం ఒక్కసారి తిరిగితే (ఒక ఆవర్తనం) ఎనిమిది క్రియలు, చేతితో వేసే లెక్కలు. మృదంగం, ఘటం, కంజీర (చిన్న చేతి వాద్యం), మోర్సింగ్ (నోటి దగ్గర పెట్టుకొని మీటేది), కొన్నక్కోల్ (జతులు నోటితో చెప్పుడు), మొత్తం ఐదుగురు. ఎవరికి వారు మంచిగనే వాయిస్తరు. కురైప్పుల, అంటే వంతులవారీగ వాయిస్తూ ఒక్కొక్కరి వంతు తగ్గించుకుంటూ పోయేదాంట్ల, రెండు ఆవర్తనాలు, ఒకటి దాకా బాగనే నడుస్తది, సగానికి దిగంగనే సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) పోతున్నది. చివరి ముక్తాయి (ముగింపు జతి) కలిసి పడతలేదు. మోర్సింగ్ వినబడతలేదు. ఇద్దరు డప్పు కళాకారులను కూడా కలపాలని ఉంది. కుదురుతదా?

జడ్చర్ల లయ:
మీ చిక్కంతా లెక్కలో ఉన్నది, వాయిద్యంల లేదు. ఐదుగురు తలా సగం ఆవర్తనం వాయిస్తే చుట్టు రెండున్నర ఆవర్తనాలైతది. అంటే రెండో చుట్టు మొదలయ్యేది సమంల కాదు, ఐదో క్రియ మీద. అక్కడే అందరూ తడబడుతున్నరు. కొన్నక్కోల్ ఆయనను కురైప్పు నుంచి తప్పించి, అందరికీ కనబడేటట్టు తాళం వేయమనండి. నలుగురైతే సగం చుట్టు రెండు ఆవర్తనాలు, పావు చుట్టు ఒక ఆవర్తనం. ఒక్కో క్రియకు దిగినప్పుడు రెండు చుట్లు కలిపి ఒక ఆవర్తనం. ఎక్కడా సమం జారదు.

క్రియకు ఒక సెకను చొప్పున ఆవర్తనానికి 8 సెకన్లు. రెండు, ఒకటి, సగం, పావు, ఒక క్రియ, ప్రతిదీ రెండేసి చుట్లు చేస్తే నాలుగు నిమిషాల పైచిలుకు. మొదట అందరూ కలిసి 3 నిమిషాలు, తలా 4 నిమిషాల చొప్పున 20, మోహర (ముక్తాయికి ముందు వాయించే వరుస), ముక్తాయికి 3. ఇంకా 9 నిమిషాలు చేతిలో ఉంటయి. వాటిని డప్పుకు ఇవ్వండి.

కురైప్పు ఖండంలో (ఐదేసి అక్షరాల లెక్కలో) చేద్దామనుకుంటే ముందే చెప్పుకోవాలె. క్రియకు నాలుగు అక్షరాల లెక్కన సగం ఆవర్తనం 16 అక్షరాలల్ల 6 పోను చివర రెండు ఐదులు, పావు 8ల 3 పోను ఒక ఐదు. ఒకరు ఐదు, ఇంకొకరు ఏడు పట్టుకుంటే అది సంభాషణ కాదు.

కృష్ణాతీరం:
ముక్తాయి కలవాలంటే చిన్నది, అందరి నోటా ఒకేలా పలికేది తీసుకోండి. రెండు ఆవర్తనాలకు, అంటే 64 అక్షరాలకు, ఇది సరిపోతుంది:

తకదిమి తకిట (7), తక తకిట (5), తకిట (3)
తదిగిణతొం మూడుసార్లు (15), 2 అక్షరాల విరామం
మళ్లీ 15, మళ్లీ 2, మళ్లీ 15

15+15+2+15+2+15 = 64. ఆ తర్వాతి ‘తాం’ సరిగ్గా సమంలో పడుతుంది. ఎక్కువగా తప్పేది ఆ రెండు అక్షరాల విరామంలోనే. ఉత్సాహంలో దాన్ని మింగేస్తారు. చేతులు వాద్యం మీద పెట్టకుండా, ముందు నోటితో తాళం వేస్తూ అందరూ కలిసి చెప్పండి. నోటికి నిలవనిది చేతికి నిలవదు. వేదిక మీద మూడుసార్లు వాయించి ముగించడం వాడుక.

శృతి విషయం ఎవరూ ఎత్తలేదు. ఘటం శృతి కాల్చినప్పుడు వచ్చిందే, మిగతా అందరూ దానికే కలపాలి. మోర్సింగ్ ఇనుప నాలుక కొసకు తేనెమైనం అంటిస్తే శృతి దిగుతుంది కానీ ఎక్కదు, కనుక కొంచెం హెచ్చు శృతిది ఎంచుకోండి. పుష్యమాసపు రాత్రి మంచుకు మృదంగం చర్మం సడలుతుంది. వలంతల (కుడి వైపు ముఖం) అంచును రాయి, పుల్లతో చుట్టూ సమానంగా కిందికి కొట్టి ఎక్కించాలి. ఒకే వైపు కొడితే ఒక్కో చోట ఒక్కో శృతి పలుకుతుంది. కంజీరకు లోపలి వైపు నాలుగు చుక్కల నీళ్లు చాలు. ఎక్కువైతే నాదం మొద్దుబారి, మళ్లీ ఆరే దాకా ఏం చేయలేం. కాకపోతే దీపాల వేడికి త్వరగా ఆరిపోతుంది, కనుక పక్కన నీళ్లు ఉంచుకోవాలి.

మోర్సింగ్‌కు మైకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. ఆయన వంతు వచ్చినప్పుడు మృదంగం కూడా చేయి తగ్గించాలి, ఒట్టి మైకుతో ఆ పని కాదు. ఘటం మైకును మూతిలోకి దూర్చకండి, ఒక్కటే గుమ్మని మోగుతుంది.

పాలమూరు దరువు:
డప్పు తప్పకుండా కలపండి. మన నేల వాద్యం అది. కానీ ఘటం శృతికి తేవాలని చూడకండి. మంట మీద కాపితే బిగుసుకుంటది, చల్లబడితే దిగుతది, దాని పద్ధతి అది. వేదిక ఎక్కేముందు కాపుకోను చోటు, ఎండుగడ్డి మీరే ఏర్పాటు చేయండి.

డప్పుకు మైకు వద్దు. మిగతావాళ్ల వెనుక, ఒక పక్కకు నిలబెట్టండి. ముందు మృదంగం నాలుగు ఆవర్తనాలు తిస్ర నడకలోకి (క్రియకు మూడు లెక్క) మారాలె, ఆ మీద మూడు నడకల ఉన్న దరువు అందుకుంటే అతుకు కనబడదు. తర్వాత చతురశ్రానికి (క్రియకు నాలుగు లెక్క) తిరిగొచ్చి మోహర. మోర్సింగ్ ఉన్నప్పుడు డప్పు ఆగాలె.

ముక్తాయి సొల్లుకట్టు (నోటితో చెప్పే జతులు) కాగితం మీద రాసియ్యకండి, వాయించి వినిపించండి, చెవితోనే పట్టేస్తరు. సిర్ర (లావు పుల్ల) దెబ్బ ఎక్కడ పడాలె, చిటికెన పుల్ల (సన్న పుల్ల) ఎక్కడ నింపాలె అన్నది వాళ్లకే వదిలేయండి. ఇంకో మాట: చివర్ల చప్పుడు పెంచనీకి మాత్రమే పిలవకండి. ఆ 9 నిమిషాలల్ల కనీసం నాలుగు వాళ్లిద్దరే వాయించాలె, మృదంగం వాళ్లు తాళం వేయాలె.

పానగల్లు రసికుడు:
ఐదుగురి లెక్క మాకు తట్టనే లేదు. ఈ ఆదివారం రిహార్సల్లో ముందు నోటితో చెప్పిస్తం. డప్పుకు తిస్ర నడక దగ్గర జాగ ఇస్తం.