సీరం పాలలెక్క తెల్లగ వచ్చింది, రిపోర్ట్ ఎట్లా ఇయ్యాలె?

ల్యాబ్ చెల్లె, మిర్యాలగూడ

అన్నలకు, అక్కలకు నమస్తే. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ట్రెయినింగ్‌ల ఉన్న. ఒక సాంపిల్ గురించి అడగాలె. షుగర్ ఉన్న మనిషి, వయసు నలభై దాటింది. రాత్రి తొమ్మిదింటికి దావత్‌ల మటన్ తిని, కల్లు తాగి, పొద్దుగాల ఏడున్నరకు రక్తం ఇచ్చిండు. సెంట్రిఫ్యూజ్ (వేగంగ తిప్పే మెషీన్) తిప్పినంక సీరం (రక్తం గడ్డకట్టినంక పైన మిగిలే ద్రవం) పాలలెక్క తెల్లగ ఉన్నది.

టోటల్ కొలెస్ట్రాల్ 248, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 32, ట్రైగ్లిజరైడ్లు (రక్తంల కొవ్వు) 640. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 88 అని కంప్యూటరే లెక్క కట్టింది. టోటల్ ప్రొటీన్ 9.1, ఆల్బుమిన్ 3.6. సీబీపీల (రక్తకణాల పరీక్ష) హిమోగ్లోబిన్ 15.8, పీసీవీ (రక్తంల ఎర్రకణాల శాతం) 41, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాలల్ల హిమోగ్లోబిన్ గాఢత) 38.5.

ఎల్‌డీఎల్ 88 అంటే మంచిగున్నట్టేనా? ప్రొటీన్ ఇంత ఎక్కువ ఎందుకు వచ్చింది? ఇంకోటి: కొలెస్ట్రాల్ 330 ఉన్నోళ్ల సీరం గూడ తేటగనే ఉంటది. మరి ఈయనది 248కే ఇట్లా ఎందుకైంది?

బయోకెమిస్ట్రీ, నల్లగొండ

చెల్లె, చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది తెలిస్తే మిగతావి తేలిగ్గా విడిపోతాయి.

ట్రైగ్లిజరైడ్ అంటే ఒక గ్లిసరాల్‌కు మూడు ఫ్యాటీ ఆసిడ్లు అతుక్కున్న అణువు. అది నీళ్లలో కరగదు, రక్తమేమో ఎక్కువగా నీళ్లే. అందుకని శరీరం ట్రైగ్లిజరైడ్లను, కొలెస్టరైల్ ఎస్టర్లను (ఫ్యాటీ ఆసిడ్ అతికిన కొలెస్ట్రాల్) లోపల పెట్టి, చుట్టూ ఫాస్ఫోలిపిడ్లతో ఒకే ఒక పొర కడుతుంది. ఫాస్ఫోలిపిడ్‌కు రెండు ఫ్యాటీ ఆసిడ్ తోకలు, ఒక ఫాస్ఫేట్ తల. తోకలు లోపలి కొవ్వు వైపు, తలలు బయటి నీటి వైపు తిరిగి ఉంటాయి. ఆ పొర మీద అపోప్రొటీన్ చుట్టుకుని ఉంటుంది. ఇదంతా కలిపితే లైపోప్రొటీన్. పేగులో తయారయ్యే కైలోమైక్రాన్ అనే లైపోప్రొటీన్‌కు అపో బీ-48 అనే అపోప్రొటీన్, కాలేయంలో తయారయ్యే వీఎల్‌డీఎల్ అనే లైపోప్రొటీన్‌కు అపో బీ-100. ఈ బీ-100 అనేది 4536 అమైనో ఆసిడ్ల గొలుసు, రేణువుకు ఒక్కటే ఉంటుంది. వీఎల్‌డీఎల్‌లోంచి ట్రైగ్లిజరైడ్ ఖాళీ అవుతూ పోతే చివరికి ఎల్‌డీఎల్‌గా మిగులుతుంది, బీ-100 మాత్రం దాంతోనే ఉండిపోతుంది.

ఇక తెలుపు సంగతి. మనకు కనిపించే కాంతి తరంగాలు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. ఎల్‌డీఎల్ రేణువు 22 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కాంతిని చెదరగొట్టేంత పెద్దది కాదు. ఎల్‌డీఎల్ ఎంత పెరిగినా సీరం తేటగా ఉండేది అందుకే. కైలోమైక్రాన్లు 75 నుంచి 1000 దాకా ఉంటాయి, పెద్ద వీఎల్‌డీఎల్ కూడా 80 దాకా పోతుంది. ఇవి కాంతిని అన్ని వైపులా చెదరగొడతాయి. పాలు తెల్లగా కనపడటానికీ ఇదే కారణం.

ఈ రెండింట్లో ఏది పెరిగిందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కొంచెం సీరం సన్న ట్యూబులో పోసి, మూత పెట్టి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే రేణువులు చెడిపోతాయి. పొద్దున పైన మీగడ కట్టి కింద తేటగా ఉంటే కైలోమైక్రాన్లు. మీగడ లేకుండా అంతా మబ్బుగా ఉంటే వీఎల్‌డీఎల్.

ఎల్‌డీఎల్ 88 అని మాత్రం రిపోర్ట్‌లో రాయొద్దు. కంప్యూటర్ వాడింది ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం, 1972 నాటిది: 248 లోంచి 32, మళ్లీ 640లో అయిదో వంతు 128 తీసేసింది. వీఎల్‌డీఎల్‌లో కొలెస్ట్రాల్ ట్రైగ్లిజరైడ్‌లో అయిదో వంతు ఉంటుందన్న అంచనా మీద అది నడుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ అంచనా నిలవదు. ‘ట్రైగ్లిజరైడ్లు 400 పైన, ఎల్‌డీఎల్ లెక్కించలేదు’ అని రాసి, నాన్-హెచ్‌డీఎల్ (టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) 216 ఇవ్వు. దానికి ఉపవాసంతో కూడా పేచీ లేదు. అపో బీ చేయించగలిగితే ఇంకా మంచిది, రేణువుకు ఒక్కటే కాబట్టి రేణువులను లెక్కపెట్టినట్టే.

హెమటాలజీ బెంచ్, సూర్యాపేట

సార్ లిపిడ్ సంగతి చెప్పిండు, నేను మిగతా అంకెల గురించి చెప్తా.

హిమోగ్లోబిన్‌ను మెషీన్ 540 నానోమీటర్ల దగ్గర రంగు చూసి కొలుస్తది. కొవ్వు ఆపిన కాంతిని గూడ రంగు కిందనే లెక్కేస్తది. పీసీవీ 41 అయితే హిమోగ్లోబిన్ అందులో మూడో వంతు, అంటే 13.7 దగ్గర ఉండాలె. నీకు 15.8 వచ్చింది. ఎంసీహెచ్‌సీ 36 దాటితే అట్లనే సంతకం పెట్టొద్దు. కోల్డ్ అగ్లుటినిన్లు (చలికి ఎర్రకణాలను గుంపు కట్టించే యాంటీబాడీలు) ఉన్నా పెరుగుతది గానీ, అప్పుడు ఆర్‌బీసీ (ఎర్రకణాల) కౌంట్ పడిపోయి కనపడతది. ఇక్కడ ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండ ఆపేది) ట్యూబ్‌ను తిప్పి, పైన తెల్లటి ప్లాస్మా ఎంత తీస్తే అంతే సెలైన్ పోసి, మెల్లగ కలిపి మళ్లీ మెషీన్‌ల పెట్టు. బఫీ కోట్ (ఎర్రకణాల మీద ఉండే తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల సన్న పొర) కదలొద్దు. ఈ రెండో రన్ నుంచి హిమోగ్లోబిన్ ఒక్కటే తీసుకో, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మొదటి దాంట్లోయే ఉండాలె. రెండు రన్‌లల్ల ఆర్‌బీసీ కౌంట్ దగ్గర దగ్గర లేకపోతే ప్లాస్మా, సెలైన్ కొలత తప్పినట్టు.

టోటల్ ప్రొటీన్ గూడ గిదే కథ. బైయూరెట్‌ల (ప్రొటీన్ కొలిచే పద్ధతి) రాగి పెప్టైడ్ బంధాలను పట్టుకుని ఊదా రంగు ఇస్తది, దాన్ని గూడ 540 దగ్గరనే చదువుతరు. సాంపిల్ బ్లాంక్ పెట్టకపోతే మబ్బు గూడ ప్రొటీన్ కిందనే పడతది. రీయేజెంట్‌కు బదులు రాగి లేని ఆల్కలీ ద్రావణం, సీరం మాత్రం అంతే పోసి, వచ్చిన అబ్జార్బెన్స్‌ను (ఆగిన కాంతి కొలత) తీసెయ్యి. ఆల్బుమిన్‌కు గూడ అట్లనే, బీసీజీ డై (ఆల్బుమిన్‌కు అంటుకునే రంగు) లేని బఫర్‌తోని.

మైక్రో సెంట్రిఫ్యూజ్ ఉంటే 10,000 జీ (భూమి ఆకర్షణకు 10,000 రెట్లు) దగ్గర 15 నిమిషాలు తిప్పి, సూదితోని కిందిది తీసి వాడొచ్చు. కానీ వీఎల్‌డీఎల్ అయితే అంత తేలిగ్గ పైకి రాదు. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు మాత్రం అట్లా తీసిన దాంట్లో ఎన్నడూ చెయ్యొద్దు, కొవ్వంతా పైననే పాయె గద. ట్రైగ్లిజరైడ్లు కిట్ లీనియారిటీ (సరిగ్గ కొలవగలిగే హద్దు) దాటితే 1 భాగం సీరం, 4 భాగాలు సెలైన్ కలిపి చేసి, వచ్చిన దాన్ని 5తోని గుణించు.

సోడియం తక్కువ వస్తే ఏ పద్ధతో చూడు. సీరాన్ని పలుచన చేసి కొలిచే ఇన్‌డైరెక్ట్ ఐఎస్‌ఈల (అయాన్ ఎలక్ట్రోడ్ పద్ధతి) కొవ్వు గానీ ప్రొటీన్ గానీ బాగ పెరిగితే నీటి వంతు తగ్గి, సోడియం నిజంగ తగ్గకున్నా తగ్గినట్టు చూపిస్తది. పలుచన చెయ్యని డైరెక్ట్ ఐఎస్‌ఈల ఆ బాధ లేదు.

ల్యాబ్ చెల్లె, మిర్యాలగూడ

మస్తు సాయం చేసిండ్రు. ఫ్రిజ్‌ల పెట్టి చూసిన: పైన సన్నగ మీగడ ఉన్నది, కింద గూడ మబ్బుగనే ఉన్నది. బ్లాంక్ తీసేస్తే టోటల్ ప్రొటీన్ 6.3, ఆల్బుమిన్ 2.9 అయింది. ఆల్బుమిన్ ఇంత తక్కువ ఉంటదా?

క్లినికల్ న్యూట్రిషన్, పాలమూరు

రెండూ ఉన్నాయమ్మా, వీఎల్‌డీఎల్ పేరుకుంది, దాని మీద కైలోమైక్రాన్లు నిలిచిపోయాయి. ఈ రెండింటినీ కరిగించేది ఒకే ఎంజైమ్, లైపోప్రొటీన్ లైపేజ్. కేశనాళికల గోడకు అంటుకుని ఉంటుంది, అపో సీ-2 అనే అపోప్రొటీన్ తగిలితే పనిచేస్తుంది, ఇన్సులిన్ చాలకపోతే తగ్గిపోతుంది. షుగర్ అదుపులో లేని మనిషికి దావత్ కొవ్వు పదిన్నర గంటల్లో పోకపోవడం ఇందుకే. కల్లు దీనికి తోడు, కాలేయం వీఎల్‌డీఎల్ ఎక్కువ చేసి పంపుతుంది. నూనె మానేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ వీఎల్‌డీఎల్‌కు సరుకు ఎక్కువైన అన్నం, చక్కెర, కల్లు నుంచి కూడా వస్తుంది. ముందు షుగర్, కల్లు చూడాలి. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే మాత్రం పల్లినూనె అయినా నెయ్యి అయినా ఒకటే, మొత్తం కొవ్వు రోజుకు 20 గ్రాముల దగ్గరికి దించాలి. అంత ఎక్కువ ఉన్నప్పుడు ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చే ప్రమాదం ఉంది. అలాంటి రిపోర్ట్ కౌంటర్‌లో పెట్టి ఊరుకోకుండా డాక్టర్‌కు వెంటనే ఫోన్ చేయాలి. కడుపునొప్పి ఉన్న మనిషైతే ఆ సీరంలో అమైలేజ్ (క్లోమం ఎంజైమ్) నార్మల్ వచ్చినా నమ్మకూడదు, కొవ్వు దాన్ని తక్కువ చూపించగలదు.

ఆల్బుమిన్ 2.9 నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఆల్బుమిన్ 585 అమైనో ఆసిడ్ల ప్రొటీన్, నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచేది, విడి ఫ్యాటీ ఆసిడ్లను మోసేది అదే. షుగర్ వల్ల కిడ్నీ జల్లెడ దెబ్బతింటే అది మూత్రంలో పోతుంది. అప్పుడు కాలేయం లైపోప్రొటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది, లైపేజ్ పని ఇంకా తగ్గుతుంది. అందుకని కొవ్వు పెరిగి ఆల్బుమిన్ తగ్గితే మూత్రం చూడకుండా వదలొద్దు. పాదాలు, కళ్ల కింద వాపు ఉందా అని అడుగు. కిడ్నీ సంగతి తేలేదాకా ప్రొటీన్ పొడులు వద్దని చెప్పమను. కిలో బరువుకు 0.8 గ్రాములు చాలు, 65 కిలోల మనిషికి 52 గ్రాములు. జొన్నరొట్టె, కందిపప్పు కలిపి తింటే నాణ్యత కుదురుతుంది: జొన్నలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆసిడ్ కందిలో ఉంది, కందిలో తక్కువైన మెథియోనిన్‌ను జొన్న అందిస్తుంది.

బయోకెమిస్ట్రీ, నల్లగొండ

మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ లేకపోతే వేడి పరీక్ష చెయ్యి చెల్లె. టెస్ట్‌ట్యూబ్‌లో ముప్పావు వంతు తేట మూత్రం పోసి, అడుగు పట్టుకుని పైభాగం మాత్రమే మరిగించు, కింది భాగం పోల్చుకోవడానికి ఉంటుంది. పైన తెల్లబడితే 3 శాతం అసిటిక్ ఆసిడ్ మూడు నుంచి అయిదు చుక్కలు వేసి మళ్లీ మరిగించు. తెలుపు పోతే ఫాస్ఫేట్లు, నిలిస్తే ప్రొటీన్. వేడికి ఆల్బుమిన్ మడతలు విప్పుకుని ఒకదానికొకటి అంటుకుంటుంది, ఆసిడ్ దాన్ని ఐసోఎలక్ట్రిక్ పీహెచ్ (ప్రొటీన్ మీద మొత్తం చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) దగ్గరికి తెస్తే అవక్షేపం బాగా పడుతుంది. ఆసిడ్ ఎక్కువ పోస్తే పడిన ప్రొటీన్ మళ్లీ కరిగి నెగెటివ్ అనిపిస్తుంది, కాబట్టి చుక్కలు లెక్కపెట్టి వెయ్యి.