సర్ క్రీక్ హద్దు చర్చలు ఎందుకు తేలట్లేదు? వెరావల్ వెళ్లే మనవాళ్ల సంగతేంటి?

ప్రశ్న (ఎచ్చెర్ల వైపు నుంచి)

మాది సముద్రం పక్క ఊరు. ఇక్కడ జెట్టీ లేదు, తెప్పల మీద వేటతో ఇల్లు గడవదు, అందుకే ఏటా ఆగస్టు వచ్చేసరికి మగాళ్లంతా గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లిపోతారు. ఈసారి మా తమ్ముడూ బయల్దేరుతున్నాడు. 2018 చివర్లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరికి గానీ వాఘా దాటి రాలేదు, అది తలుచుకుని మా అమ్మకి ఒకటే టెన్షన్. బంగ్లాదేశ్‌తో సముద్ర హద్దు తేలిపోయిందంటారు కదా, మరి పాకిస్తాన్‌తో ఎందుకు తేలదు? కూర్చుని మాట్లాడుకుంటే అవదా?

జవాబు (కళింగపట్నం)

తమ్ముడూ, కూర్చోక కాదు, చాలాసార్లు కూర్చున్నారు. పేచీ అంతా కచ్ దగ్గర సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ గురించి. 1914లో బొంబాయి ప్రభుత్వం, కచ్ రాజు, సింధ్ వైపు అధికారులు కుదుర్చుకున్న ఒప్పందం మ్యాపులో హద్దు చూపే పచ్చగీత తూర్పు గట్టు మీద ఉంది, కాబట్టి పాయ మొత్తం మాదేనంటుంది పాకిస్తాన్. పడవలు తిరిగే పాయ కాబట్టి హద్దు దాని నడిమధ్యలో ఉండాలని మన వాదన, దానికి 1925 నాటి మ్యాపు, పాతిన హద్దు గుర్తులు చూపిస్తారు. పైగా పాయ ఒక్కచోట ఉండదు. వంశధార మొగ ఇసుక మేటేసి పక్కకి జరిగిపోవడం మనం చూస్తున్నదే, అదీ అంతే.

ఆ పాయ సముద్రంలో కలిసే చోటు నుంచే 200 నాటికల్ మైళ్ల దాకా గీత గీయాలి. ఒడ్డున గీత కొంచెం జరిగితే లోపల బోలెడంత సముద్రం, చేప, గ్యాసు అటో ఇటో పోతాయి, అందుకే ఎవరూ తగ్గరు. 2007లో కలిసి సర్వే చేసి మ్యాపులు కూడా మార్చుకున్నారు, ఇంక అయిపోతుందనుకున్నాం. 2012 జూన్‌లో ఢిల్లీలో మాట్లాడుకున్నాక మళ్లీ కూర్చోలేదు.

జవాబు (విజయనగరం)

బంగ్లాదేశ్ సంగతి వేరండి. వాళ్లు 2009లో సముద్ర చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లారు, 2014 జూలై 7న తీర్పొచ్చింది. తగాదా పడ్డ 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకే పోయినా మన ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాదే రెండు దేశాలూ హద్దుకి అవతల చిక్కుకుపోయిన ఊళ్లు కూడా మార్చుకున్నాయి, మనవి 111 అటు, వాళ్లవి 51 ఇటు. పాకిస్తాన్‌తో మాత్రం 1972 సిమ్లా ఒప్పందం ప్రకారం ఇద్దరమే తేల్చుకుందాం, మధ్యవర్తి వద్దు అంటాం. 1968లో ఆ పక్కనే ఉన్న ఉప్పు ఎడారి రణ్ ఆఫ్ కచ్ మీద ట్రిబ్యునల్ పాకిస్తాన్ అడిగిన దాంట్లో దాదాపు పదోవంతు ఇచ్చేసింది, ఆ చేదు ఇంకా పోలేదు. పాయని పక్కనపెట్టి ముందు సముద్రం వైపు నుంచి గీత తేల్చుకుంటూ వద్దామని మనవాళ్లు అడిగారు, వాళ్లు పాయే ముందు అన్నారు. నన్నడిగితే మనవాళ్లు చెప్పిందే సబబు, కనీసం బోట్లు తిరిగేచోటైనా స్పష్టత వచ్చేది.

జవాబు (భోగాపురం)

గీత తేలితే అరెస్టులు ఆగుతాయనుకోవడం మాత్రం పొరపాటు. శ్రీలంకతో 1974లో, 1976లో ఒప్పందాలు చేసుకున్నాం, తమిళనాడు వాళ్లని పట్టుకోవడం ఆగిందా? చేప ఎటు పోతే వల అటు పోతుంది. అందుకే మనుషుల విషయం హద్దుతో ముడిపెట్టకుండా విడిగా మాట్లాడాలి. పాకిస్తాన్‌తో 2008 ఒప్పందం ఉండనే ఉంది, ప్రతి జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, మూడు నెలల్లో మన ఎంబసీవాళ్లని కలవనివ్వాలి, శిక్ష పూర్తయి ఏ దేశస్తుడో తేలితే నెలలో పంపెయ్యాలి. జాబితాలు టైముకి వస్తున్నాయి, మనుషులే రావట్లేదు. రెండు దేశాల రిటైర్డ్ జడ్జిలతో ఒక కమిటీ ఉండేది, జైళ్లకెళ్లి ఖైదీలని చూసేది, 2013 తర్వాత అదీ ఆగిపోయింది. మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాల్సింది దాని గురించే.

తమ్ముడి ఆధార్ జిరాక్స్, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఓనర్ ఫోన్ నంబరు ఇంట్లో పెట్టుకోండి. పట్టుబడితే మనవాడేనని రుజువు చెయ్యడానికి మొదట అడిగేది అవే.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్స్ అన్నలూ. ఆధార్ ఉంది, బోటు నంబరు ఎలా తెలుస్తుంది? వాడు అక్కడికి వెళ్లాక గానీ ఏ బోటో చెప్పరు.

జవాబు (భోగాపురం)

వేటకి వెళ్లేముందు అక్కడ ఫిషరీస్ వాళ్ల దగ్గర టోకెన్ తీసుకుంటారు, బోటు నంబరు, ఎక్కేవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి, ఏ ట్రిప్పుకి ఆ ట్రిప్పుకి.